కింది రెండు వరుసలు

ధరూర్,
జూన్ 9.

సుప్రియక్కకు రోజా వందనాలు.

ఉత్తరం చూసి కంగారుపడకు. ఫోన్ పగిలిపోలేదు. ఆర్నెల్లు ఫోన్ తెర చూడొద్దని డాక్టరు చెప్పాడు. నువ్వు పెట్టే మెసేజీలన్నీ నాన్నే చదివి వినిపిస్తున్నాడు. మీ చిన్నాయన సంగతి నీకు తెలుసు కదా, ఆయనకు చదువొచ్చింది ఆదివారపు బడిలో, బైబిలు మీద. ‘తిన్నవా, చుక్కల మందు ఏసుకున్నవా’ అని నువ్వు పెట్టిందాన్ని కూడా కీర్తన చదివినట్టు సాగదీసి చదువుతాడు. అందుకే ఈ లావుపాటి స్కెచ్ పెన్ను, రెండు గీతలకొక వరుస. నువ్వూ ఇలాగే పెద్దగా రాస్తే ఎడమ కంటితో నేనే చదువుకుంటాను.

డాక్టరు చెప్పింది నాకు తెలిసినంత చెప్తాను. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుందట. నాకు అది పలచబడి ముందుకు పొడుచుకొస్తోంది. “కంప్యూటర్ వల్లనే వచ్చిందా సార్?” అని అడిగాను. “వచ్చే గుణం నీలోనే ఉండొచ్చమ్మా. కానీ రోజంతా రెప్ప కొట్టకుండా తెర చూసి, కళ్లు ఎండబెట్టుకుని, నలిపి నలిపి దాన్ని తొందరపెట్టావు” అన్నాడు. ఏసీ గాలి సూటిగా మొహానికి కొట్టే నా సీటు నీకు గుర్తే ఉంటుంది. బిల్లుకు ఇరవై సెకన్లు. పరదేశంలో ఎవరికో కాలు విరిగితే ఆ దవాఖాన బిల్లులో అంకెలు ఇక్కడ మనం కొట్టాలి. తల తిప్పితే లెక్క తప్పుతుందని మణికట్టుతోనే కళ్లు రుద్దుకునేదాన్ని. ఆ రుద్దుడే నా కొంప ముంచింది.

కుడి కన్ను చేయి దాటింది. చనిపోయినవాళ్లెవరైనా ఇచ్చిన పొర తెచ్చి కుట్టాలి, దానికి పేరు రాయించి ఎదురుచూడాలి. ఎడమ కన్ను ఇంకా దక్కేలాగే ఉంది. మందు వేసి ఒక రకం వెలుగు పట్టి పొరను గట్టిపరిస్తే ఉన్నచోట ఆగుతుందట. ఆర్నెల్ల కింద వచ్చి ఉంటే రెండూ ఆగేవని చెప్పాడు.

అప్పుడు నోరు జారాను. “జనవరిలో ఆఫీసులో కండ్ల పరీక్ష చేసిన్రు సార్, బోర్డు మీద అన్ని వరుసలు చదివిన” అన్నాను. ఆయన నా కాగితాలూ నా మొహమూ మార్చి మార్చి చూసి, ఎలా చదివావన్నాడు. కింది రెండు వరుసలు మా అక్క చీటీ మీద రాసిస్తే చదివానని చెప్పగలనా? ఏమో సార్ అన్నాను. అంకెలు కొట్టే మనవాళ్లకు అదొక విద్య కదా. ఒక్కసారి చూస్తే చాలు, అర్థం అక్కర్లేదు, వరుస మొత్తం వేళ్లకు ఎక్కేస్తుంది. మూడేళ్ల కింద ఇదే పరీక్షలో బుజ్జమ్మ ‘కనపడ్తలేదు సార్’ అని నిజం చెప్పి తెల్లారి నుంచి ఇంట్లో కూర్చుంది. అప్పటినుంచి మన టీంలో పన్నెండు మందికీ అన్నీ కనబడుతూనే ఉన్నాయి.

నాన్నకు ఇది ఎంతకీ మింగుడు పడటం లేదు. “ఎండల మట్టి మోసిన నా కండ్లు మంచిగనే ఉన్నయి. నీడపట్టున కూసున్న నీ కండ్లకేమొచ్చింది బిడ్డా” అంటాడు.

ఒక్కటి కనుక్కుని రాయి. నా ఉద్యోగం ఉంచుతారా? నువ్వు టీం లీడర్‌వి, సారు నీ మాట వింటాడు.

నీ రోజా.


వనపర్తి,
జూన్ 21.

రోజాకు అక్క దీవెనలు.

ఎంత పెద్దగా రాస్తున్నానో చూడు. పదో తరగతి పరీక్షల్లో కూడా ఇంత ఒద్దికగా రాయలేదు. నీకు ఇలా అయిందని తెలిసినప్పటి నుంచి మీ బావ సతీష్ రోజూ అడుగుతున్నాడు. ప్రార్థన చేస్తున్నాం.

ఆఫీసు కబుర్లు చాలా ఉన్నాయి. పని పంపే కంపెనీ వాళ్లు చూడటానికి వస్తారని కొత్త కుర్చీలు తెప్పించారు. వెనక ఆనుకునేవి, ఎత్తు పెంచుకునేవి. కాళ్ల కింద పెట్టుకునే పీటలు కూడా వచ్చాయి. ప్లాస్టిక్ కవర్లు మాత్రం సారు తీయనివ్వడు, మాసిపోతాయని. కూర్చుంటే కరకరమంటాయి, జారిపోతాం. మన టీం పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. నీ సీట్లో ఇప్పుడు తేజస్విని కూర్చుంటోంది. నీ అంత వేగం లేదు.

నీ మాట శ్రవణ్ కుమార్ సారును అడిగాను. “రాజీనామా రాసి పంపమను. మంచిగైనంక మల్ల చూస్తం” అన్నాడు. అందులో తప్పేమీ లేదనిపించింది నాకు. నాలుగు లైన్లు రాసి పంపెయ్యి, మిగతాది నేను చూసుకుంటాను. చీటీ మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తకు. నీ మంచికే చెబుతున్నాను.

మీ అమ్మ చేసే జొన్నరొట్టె మీద మనసు పోతోంది. వచ్చినప్పుడు చేయమని చెప్పు.

సుప్రియ.


ధరూర్,
జూలై 4.

అక్కా,

రాజీనామా రాయలేదు. రాయను కూడా.

నేను రాయకపోయేసరికి సారే రాశాడు. ఇంగ్లీషులో ఉంటే యోసేపు మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లాం. ఆయన చదివి తెలుగులో చెప్పింది ఇదీ. జనవరి పరీక్షలో నాకు పూర్తి చూపు ఉన్నట్టు నమోదయిందట. కాబట్టి ఇప్పుడున్న జబ్బుకూ ఆఫీసు పనికీ సంబంధం లేదట. తప్పులు పెరిగాయి కాబట్టి ఇక నేను పనికి తగనట. జనవరిలో భేషుగ్గా ఉన్న కళ్లు మేలో పనికిరాకుండా పోయాయి. మధ్యలో నేనేదో ఇంట్లో వాటిని పాడుచేసుకున్నాను.

నా కళ్లు బాగున్నాయని వాళ్ల దగ్గర కాగితం ఉంది అక్కా. నా దగ్గర కళ్లే ఉన్నాయి.

అందుకని ఒక్క సాయం చెయ్యి. ఆ పరీక్ష ఉత్తదని, చీటీ చూసి చదివామని, జనవరికే నాకు కింది వరుసలు కనబడేవి కావని నాలుగు మాటలు రాసి సంతకం పెట్టివ్వు. నువ్వు కాక ఇంకెవరు రాస్తారు? ఆ కాగితం ఉంటే నా ఉద్యోగం గురించి అడగడానికి నాకు నోరుంటుంది.

ఇంకోటి. డాక్టరు మొన్న అడిగాడు, పరదేశం పని చేసే ఆఫీసుల్లో తెర ముందు కూర్చునేవాళ్ల కోసం ఏవో నియమాలు రాసి ఉంటాయి, మీకు లేవా అని. నాకు తెల్వదు సార్ అన్నాను. మనకేమైనా ఉన్నాయా? నీకు తెలిస్తే రాయి.

అమ్మ రొట్టె చేస్తానంది. నువ్వు రా, నీకు సందు దొరికినప్పుడు.

రోజా.


వనపర్తి,
జూలై 19.

రోజాకు,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. నేనేదో నీ కళ్లు పొడిచినట్టు రాశావు.

ఆ రోజు ఏం జరిగిందో మర్చిపోయినట్టున్నావు. చేతులు కడుక్కునేచోట నా చెయ్యి పట్టుకున్నది నువ్వు. “అక్కా, కింది రెండు వరుసలు బూడిద లెక్క కనపడ్తున్నయి, ఏదన్న చెయ్యి. నన్ను తీసేస్తే మా నాయిన మల్ల మట్టి పనికి పోవాల్సొస్తది” అన్నది నువ్వు. అప్పుడు రాసిచ్చాను. బోర్డు ముందు నిలబడి, నా కళ్లతో చూసి, నా చేత్తో రాసిచ్చాను. కడుపున పుట్టిన చెల్లెలికి కూడా అంతకంటే చేయరు. ఇప్పుడు అదే చీటీ పట్టుకుని నన్ను సంతకం పెట్టమంటున్నావు.

పెడితే ఏమవుతుందో ఆలోచించావా? పూణెలో మూడో అంతస్తు నుంచి పడ్డాక మీ బావ ఎలా ఉన్నాడో నువ్వు చూశావు. మంచం మీద నుంచి లేవాలంటే నేను పట్టుకోవాలి. ఇద్దరు పిల్లలు. నేను లీడర్‌నని మా ఇంటి చుట్టుపక్కల అందరూ నన్ను మేడం అంటారు, ఇంట్లో మాత్రం బియ్యం డబ్బా గీకుతాం. నా ఒక్క సంతకం నీకు కాగితం, నాకు తిండి.

నియమాలు గియమాలు నాకేమీ తెలియవు. కంపెనీలో ఏవేవో రాసుకుంటారు, అవి మనదాకా రావు.

కళ్లు జాగ్రత్త. నలుపుకోకు.

సుప్రియ.


ధరూర్,
ఆగస్టు 3.

సుప్రియక్కకు,

తేజస్విని గద్వాలలో వాళ్ల మేనత్తను చూడటానికి వచ్చి, అటునుంచి మా ఇంటికి కూడా వచ్చింది. పాపం, నా సీట్లో కూర్చుంటున్నందుకు తనే తప్పు చేసినట్టు తలవంచుకు కూర్చుంది. దాని కళ్లు కూడా నీరు కారుతున్నాయి. నలుపుకోకే అని కసిరాను.

అది చెప్పిన మాట రాస్తున్నాను. “పోయినేడు కొత్త కంపెనీ పని మొదలైనప్పుడు ఇంగ్లీషు కాయితం ఒకటొచ్చింది రోజక్కా. తెలుగుల రాసి గోడకు పెట్టమని సారు సుప్రియక్కకిచ్చిండు. అక్క మంచిగ రాసింది, రంగు పెన్నుతోని గీతలు గూడ గీసింది. మల్ల సారే వద్దన్నడు. గిప్పుడు ఆయన రూంల తలుపు ఎనక ఉంది.”

చదవలేదని అది చెప్పింది. సారు రూంలోకి వెళ్లి తలుపు వెనక చదివే ధైర్యం ఎవరికుంది? రాసినదానివి నువ్వు. చదవకుండా రాయలేదు కదా.

నీకు తెలియదని రాశావు. నాకు ఒళ్లు మండుతోంది. మీ ఇంటి కష్టాలు నాకు చెప్పక్కర్లేదు, బావను ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజు రెండో పక్క పట్టుకున్నది నేనే. భయపడ్డానని రాస్తే అర్థం చేసుకునేదాన్ని. నన్ను వెర్రిదాన్ని చేసి, పైగా కళ్లు జాగ్రత్త అని రాశావు చూడు, అదీ నాకు కాలింది.

పదమూడున ఎడమ కంటికి ఆ వెలుగు పట్టే వైద్యం. ఆ కాగితంలో ఏముందో రాయి. ఇంకేమీ అడగను.

రోజా.


నాగర్‌కర్నూల్,
ఆగస్టు 17.

రోజా,

అత్తగారింటికి వచ్చి ఇక్కడినుంచి రాస్తున్నాను. వనపర్తిలో కూర్చుని రాయబుద్ధి కాలేదు. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. ఇంకెవరితోనూ చదివించకు.

కాగితంలో ఉన్నది మక్కీకి మక్కీ రాస్తున్నాను. నాకు నోటికి వచ్చు.

‘తెర ముందు పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏడాదికొకసారి సంస్థ ఖర్చుతో కంటి పరీక్ష చేయించాలి. గంటకు పది నిమిషాలు తెర ముందు నుంచి లేవనివ్వాలి. చూపు తగ్గినట్టు తేలితే అద్దాలు, వైద్యం సంస్థే ఇప్పించాలి. ఆ కారణంతో ఎవరినీ పని నుంచి తీయరాదు. అదే జీతం మీద తెర అవసరం లేని పని ఇవ్వాలి.’

ఇదీ. జనవరిలో నువ్వు నా చెయ్యి పట్టుకున్నప్పుడు ఇది నాకు తెలుసు. మీ నాన్న మట్టి పనికి వెళ్లక్కర్లేదని నాకు తెలుసు. ‘కనబడటం లేదని చెప్పు రోజా, వాళ్లే చూపిస్తారు’ అనాల్సింది. నోటిదాకా వచ్చింది. అనలేదు.

సారు మీద భయంతో అని రాద్దామనుకున్నాను. అది సగమే. నువ్వు మా టీంలో అందరికంటే వేగం. నిన్ను కాగితాల పనికి మారిస్తే మా టీం కింద పడుతుంది. టీం పడితే నన్ను లీడర్ నుంచి తీసి మళ్లీ కీబోర్డు ముందు కూర్చోబెడతారు. ఆ ఒక్క క్షణంలో అదే ఆలోచించాను. నా కళ్లు కూడా ఈ పనిలో పడి పదేళ్లు నిండాయి రోజా, నాకు మళ్లీ ఆ తెర ముందు కూర్చోవడమంటే భయం. అద్దాలే కదా, పంటలు చేతికొచ్చాక కొనుక్కుంటుందిలే అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఇంత అవుతుందని అనుకోలేదు. అనుకోలేదన్నది నీకు ఎందుకూ పనికిరాదు, నాకు తెలుసు.

నువ్వు అడిగిన కాగితం కూడా దీంతో పాటు పెట్టాను. పరీక్ష ఉత్తదని, చీటీ నేనే ఇచ్చానని, అందరూ అలాగే చదివారని రాసి సంతకం పెట్టాను. ఏం చేస్తావో నీ ఇష్టం.

సుప్రియ.


ధరూర్,
సెప్టెంబరు 20.

సుప్రియక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజుకు నా ఎడమ కంటికి కట్టు ఉంది. ‘నువ్వొక్కదానివే చదువుకో’ అన్న మాట కూడా నాన్నే చదివాడు. చదివి ఆగిపోయాడు. “సదవాల్నా వద్దా బిడ్డా?” అన్నాడు. చదవమన్నాను.

నువ్వు రాసిందంతా ఆయన ఆ బైబిలు గొంతుతోనే చదివాడు. ఇంకో గొంతు ఆయనకు రాదు. ‘నోటిదాకా వచ్చింది, అనలేదు’ అన్నచోట కూడా సాగదీసే చదివాడు. అయ్యాక మడిచి నా చేతిలో పెట్టి, మేకలకు నీళ్లు పెట్టాలని లేచిపోయాడు. అమ్మ మాత్రం “ఒక్క తల్లకల తిన్నోల్లు” అని, ఆ పూట పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. చిన్నప్పుడు మనిద్దరి చేతులూ ఒకే పళ్లెంలో ఉండేవని అంటుంది.

కట్టు విప్పాక, నల్లద్దాలు పెట్టుకుని, నాన్నను తోడు తీసుకుని వనపర్తి వెళ్లాను. పెబ్బేరులో బస్సు మారేటప్పుడు కూడా నీ కాగితం చేతిలోనే పట్టుకున్నాను. నువ్వు ఆ రోజు సెలవులో ఉన్నావట. మంచిదే అయింది.

శ్రవణ్ కుమార్ సారు రెండుసార్లు చదివాడు. అరుస్తాడనుకున్నాను. నవ్వాడు. “మంచిది రోజా. గిది నిజమే అనుకుందాం. అట్లయితే ఆ దినం పన్నెండు మంది అబద్ధం చెప్పి పరీక్ష పాసైనట్టే కద. నిన్ను లోపలికి తీసుకుంట, మిగిలిన పదకొండు మందిని బయటికి పంపుత. రాసియ్యమంటవా?” అన్నాడు.

అద్దం గోడ అవతల వాళ్లు కనబడుతూనే ఉన్నారు, నాకు మసగ్గా. మేం వచ్చామని అందరికీ తెలుసు. ఒక్కరూ తల తిప్పలేదు. తేజస్విని మణికట్టుతో కళ్లు రుద్దుకుంటోంది. ఆ తలుపు వెనక నీ చేతిరాత కూడా చూశాను. గీతలు బాగా గీశావు. ఎర్రరంగు.

నాన్న సారు బల్ల మీంచి కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చాక, “ఎనిమిదేండ్లు మేస్త్రీల కింద చేసిన బిడ్డా. నువ్వడిగితె గీళ్లను తీసేస్త అనుడు వాళ్లకు మామూలు. ఏసీల గూడ గదే మాట ఉంటదనుకోలె” అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం తినలేదు.

నిన్ను లీడర్ నుంచి తీసేశారని తెలిసింది. సంతోషించాను. అబద్ధమెందుకు ఆడాలి. తర్వాత బావ గుర్తొచ్చి ఆ సంతోషం కూడా పోయింది.

నిన్ను క్షమించమని పాస్టర్ అన్నాడు. నాకు ఇంకా రావడం లేదు. వచ్చినప్పుడు రాస్తాను. ఎడమ కన్ను ఉన్నచోట ఆగింది. కుడికన్నుకు పేరు రాయించాం. ఉద్యోగం పోయింది, అది పోయినట్టే.

ఒక్కటి అడుగుతున్నాను, అడిగే హక్కు ఉందనుకునే అడుగుతున్నాను. జనవరిలో మళ్లీ పరీక్ష పెడతారు. ఈసారి ఎవరికీ చీటీ ఇవ్వకు. పరీక్షకు ముందు ఆ కాగితంలో ఉన్నది అందరికీ చదివి వినిపించు. అందరూ ఒక్కసారే కనబడటం లేదంటే, అందరినీ ఒక్కసారే తీసేయలేడు. తేజస్విని కళ్లయినా దక్కాలి.

రోజా.


వనపర్తి,
జనవరి 24.

రోజాకు సుప్రియ వందనాలు.

మొన్న పరీక్ష అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేనిప్పుడు నీ పాత వరుసలోనే కూర్చుంటున్నాను. బయట ఉంటే నోరు తెరుస్తానని కాబోలు, సారు నన్ను లోపలే ఉంచాడు. మధ్యాహ్నం అందరూ టిఫిన్లు విప్పాక లేచి నిలబడ్డాను. కాగితం అక్కర్లేకుండానే మొత్తం చెప్పాను. అర్థం కాలేదేమోనని మూడుసార్లు చెప్పాను. కనబడకపోతే కనబడటం లేదని చెప్పండి, ఎవరినీ తీయడానికి లేదు, అందరం కలిసి చెబుదాం అన్నాను. నీ పేరు కూడా చెప్పాను. ఇది రోజా అడిగింది అన్నాను.

చివరికి తేజస్విని అంది, మెల్లగానే అంది. “అక్కా, గిదంత నిజమే అయితే రోజక్క ఏది?”

ఇంకెవరో అన్నం డబ్బా మూత పెట్టేశారు. అందరూ లేచారు.

చీటీ నేను ఇవ్వలేదు. నువ్వు అడిగింది అంతవరకు చేశాను. చీటీ అవసరమే రాలేదు. మొదట వెళ్లిన పిల్ల బయటికొచ్చి చేతులు కడుక్కునేచోట కింది వరుసలు ఒకసారి చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. మనవాళ్లకు ఒకసారి చాలు కదా. తేజస్విని కంట్లోంచి నీళ్లు కారుతుండగా ఒక్క అక్షరం తప్పకుండా చదివింది. రాసుకునే అతను తల ఎత్తలేదు.

ఈ పరీక్షలు మొదలయ్యేనాటికే నేను లీడర్‌ని, లీడర్లకు పరీక్ష ఉండేది కాదు. ఇదే నాకు మొదటిసారి. చివర్న నన్ను పిలిచారు. వెళ్లేటప్పుడు నేనొక్కదాన్నయినా చెప్పాలనే అనుకున్నాను. ప్రమాణంగా అనుకున్నాను. మూడు వరుసలు బాగానే కనబడ్డాయి. కింది రెండూ కనబడలేదు, రోజా. అలికినట్టు ఉన్నాయి. అతను “ఊఁ, తర్వాత” అన్నాడు. శ్రవణ్ కుమార్ సారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. నాకు ఇంట్లో మీ బావ మంచం కనబడింది.

కింది రెండు వరుసలూ ఆగకుండా చదివేశాను.

సుప్రియ.